సిరా చుక్క లేని ఓటు: జార్జియాలో పది రోజులు

అక్టోబర్ 28, 2024, సోమవారం

దోహా మీదుగా వచ్చిన విమానం అమెరికాలో, జార్జియా రాష్ట్ర రాజధాని అట్లాంటాలో దిగేసరికి సాయంత్రమైంది. మనవరాలు పరుగెత్తుకొచ్చి నడుం చుట్టేసింది. అమ్మాయి వాళ్లుండే కమ్మింగ్ అక్కడి నుంచి ఉత్తరంగా గంటకు పైనే ప్రయాణం. నిద్ర ముంచుకొస్తున్నా నా కళ్లు దారి పొడవునా ఎన్నికలనే వెతికాయి. ఫ్లెక్సీల్లేవు, గోడల మీద రాతల్లేవు, మైకు కట్టుకుని తిరిగే ఆటోల్లేవు. ఇళ్ల ముందు గడ్డిలో గుచ్చిన చిన్న చిన్న బోర్డులు మాత్రం ఉన్నాయి. ఒకింటి ముందు రిపబ్లికన్ల అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థులు ట్రంప్–వాన్స్, దాన్నానుకుని ఉన్న ఇంటి ముందు డెమోక్రాట్ల జంట హారిస్–వాల్జ్.

అసలు ప్రచారం ఎక్కడ జరుగుతోందో కారు దిగేలోపే తెలిసింది. అల్లుడి ఫోన్ మోగుతూనే ఉంది. పేరు పెట్టి పిలిచే మెసేజ్‌లు. 'మీరింకా ఓటెయ్యలేదు' అని ఒకటి, 'ఈ అర్ధరాత్రి లోపు 20 డాలర్లు పంపండి' అని ఇంకొకటి.

"మీ నంబరు వీళ్లకెలా దొరికింది బాబూ?" అని అడిగాను.

"ఇక్కడ ఓటర్ల జాబితా ఎవరైనా డబ్బు కట్టి తీసుకోవచ్చు అత్తయ్యా. పేరు, అడ్రస్, పుట్టిన సంవత్సరం, జాతి, కిందటిసారి ఓటేశామా లేదా, అన్నీ ఉంటాయి. ఎవరికి వేశామో మాత్రం ఉండదు. ఫోన్ నంబర్లు డేటా అమ్మే కంపెనీల దగ్గర కొని దానికి కలుపుకుంటారు."

సరుకులమ్మే ఫోన్లు రాకుండా పేరు నమోదు చేసుకునే జాబితా ఒకటి ఈ దేశంలో ఉందట. రాజకీయ ఫోన్లకు అది వర్తించదట.

నేను పశ్చిమ గోదావరిలో జిల్లా పరిషత్ హైస్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాను. 2009, 2014, 2019 ఎన్నికల్లో మూడుసార్లు ప్రిసైడింగ్ ఆఫీసరుగా పనిచేశాను. మా అమ్మాయికి కిందటేడే పౌరసత్వం వచ్చింది, అధ్యక్ష ఎన్నికల్లో ఇది తన మొదటి ఓటు. దీపావళి వంకతో వచ్చాను కానీ, ఆ ఓటు చూడాలనే నా అసలు కోరిక. అదీ జార్జియాలో. 2020లో 50 లక్షల ఓట్లు పోలైన ఈ రాష్ట్రంలో బైడెన్ గెలిచింది 11,779 ఓట్ల తేడాతో. ఆ తర్వాత ఓట్లు దొంగిలించారంటూ ఓడిన ట్రంప్ పక్షం చేసిన గొడవ ప్రపంచమంతా చూసింది.

బయల్దేరే ముందు తణుకులో అందరూ అడిగింది ఒకటే: "మన వడ్లూరు అమ్మాయి మొగుడు గెలుస్తాడా?" వాన్స్ గారి భార్య ఉష చిలుకూరి పూర్వీకులది మా తణుకు పక్కనున్న వడ్లూరే. హారిస్ తల్లిగారిది తమిళ కుటుంబం. అందుకే మా వైపు కూడా ఈసారి అమెరికా ఎన్నికంటే ఇంటి ముచ్చటలాగే ఉంది.

అక్టోబర్ 29, మంగళవారం

నిద్రతోనే గడిచింది. సాయంత్రం పక్కింటావిడ పలకరించడానికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయిందట. ఎన్నికల రోజు పోల్ వర్కరుగా పనిచేస్తానని చెప్పింది. నా కథ విని కుర్చీ దగ్గరకు జరుపుకుని ఒకటే ప్రశ్నలు. మేం ముందురోజే సామగ్రి తీసుకుని బస్సులో ఊరికెళ్లి ఆ రాత్రి బడిలోనే పడుకుంటామంటే నమ్మలేకపోయింది. ఎడమ చూపుడువేలికి పెట్టే సిరా గురించి అడిగి మరీ చెప్పించుకుంది. ఇక్కడ సిరా లేదు.

అక్టోబర్ 30, బుధవారం

అమ్మాయి ఓటు.

ఎన్నికల తేదీ నవంబర్ 5 అయినా, జార్జియాలో అక్టోబర్ 15 నుంచే ముందస్తు ఓటింగ్ మొదలైంది. మొదటి రోజే మూడు లక్షల మందికి పైగా ఓటేశారు. ఈ రాష్ట్రంలో మొదటి రోజు అంతమంది ఎప్పుడూ రాలేదట. కౌంటీలో, అంటే మన జిల్లాలాంటి దాన్లో, ఏ కేంద్రానికైనా వెళ్లొచ్చు. మేం వెళ్లింది ఒక లైబ్రరీకి.

పౌరురాలిని కాదు కాబట్టి నేను లోపలికి పోకూడదు. భవనం నుంచి 150 అడుగుల దూరంలో గీత గీసినట్టు బోర్డు పెట్టారు. దాని లోపల ప్రచారం చెయ్యకూడదు. లైన్లో నిలబడ్డవాళ్లకు బయటివాళ్లు మంచినీళ్లు పంచినా 2021లో చేసిన చట్టం ప్రకారం తప్పే. ఎంత ఆలోచించినా ఆ నీళ్ల సంగతి నాకు కొరుకుడు పడలేదు. మా బూత్ దగ్గర చలివేంద్రం పెట్టకపోతే పై ఆఫీసర్లు మమ్మల్ని తిట్టేవాళ్లు.

పార్కింగ్‌లో చెట్టు కింద నిలబడి చూశాను. లైన్లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఒక పెద్దాయన చేతిలో ప్లాస్టిక్ ఫైలు. పలకరిస్తే నెల్లూరు వాళ్లన్నారు. ఫైల్లో ఉన్నది పౌరసత్వ పత్రం. డ్రైవింగ్ లైసెన్స్ గ్రీన్‌కార్డు రోజుల్లో తీసుకున్నది కావడంతో కంప్యూటర్లో ఇంకా పౌరుడు కాదని చూపిస్తుందేమోనని ఆయన భయం. మా అమ్మాయి కూడా తన పత్రం బ్యాగులో పెట్టుకునే వచ్చింది. కొత్తగా పౌరులైన వాళ్ల విషయంలో ఇలాంటి చిక్కులు ఈ రాష్ట్రంలో కోర్టు దాకా వెళ్లాయి. అదృష్టం కొద్దీ ఇద్దరినీ ఎవరూ ఏమీ అడగలేదు.

నలభై నిమిషాలకు బయటికొచ్చింది. చొక్కా మీద పీచు పండు బొమ్మున్న స్టిక్కరు. నేను ఓటు ఎవరికని అడగలేదు, లోపల ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పమన్నాను. లైసెన్స్‌ను ట్యాబ్లెట్ మీద స్కాన్ చేశారట. ఒక ప్లాస్టిక్ కార్డు ఇచ్చారట. ఆ కార్డు టచ్ స్క్రీన్ మెషిన్లో పెడితే అభ్యర్థుల పేర్లు వచ్చాయి. ఎంచుకున్నాక పక్కనున్న ప్రింటరు నుంచి కాగితం వచ్చింది. ఆ కాగితాన్ని తనే తీసుకెళ్లి స్కానర్లోకి తోసిందట. కింద పెట్టెలో పడిందట.

"కాగితం మీద ఏముంది?"

"నేను ఎంచుకున్న పేర్లు. పైన ఒక క్యూఆర్ కోడ్."

ఇక్కడే నా బుర్ర ఆగిపోయింది. ఓటు ఎవరికి పడిందో చూపించే మన వీవీప్యాట్‌లో చీటీ అద్దం వెనక ఏడు సెకన్లు కనిపించి లోపల పడిపోతుంది. ఇక్కడ చేతిలో పట్టుకుని ఎంతసేపైనా చదువుకోవచ్చు. అది నిజంగా గొప్ప సంగతి. కానీ స్కానరు లెక్కపెట్టేది మనం చదివిన పేర్లను కాదు, మనం చదవలేని ఆ నలుపు తెలుపు గళ్ల కోడ్‌ను. ఇదే అభ్యంతరం మీద ఈ ఏడాది రాష్ట్ర అసెంబ్లీ చట్టం చేసింది: 2026 జులై 1 నుంచి ఓట్ల లెక్కింపుకు క్యూఆర్ కోడ్ వాడకూడదు. ఈ ఎన్నికకు మాత్రం పాత పద్ధతే.

ఇంకో గొడవ కూడా మొన్నమొన్ననే తేలింది. పోలింగ్ ముగిశాక ప్రతి బూత్‌లోనూ కాగితాల సంఖ్యను ముగ్గురు మనుషులు చేత్తో లెక్కపెట్టి తీరాలని రాష్ట్ర ఎన్నికల బోర్డు సెప్టెంబర్ 20న 3–2 ఓట్లతో రూల్ పెట్టింది. అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీ జడ్జిలు ఇద్దరు, ఒకరు అక్టోబర్ 15న దాన్ని ఆపారు, మరొకరు ఆ మర్నాడు కొట్టేశారు. చేత్తో లెక్కపెట్టడం తప్పని నేననను. కానీ తెల్లవారుజాము నుంచి కూర్చున్న మనిషి చేత రాత్రి ఎనిమిది గంటలకు, శిక్షణ లేకుండా, ఎన్నికలకు కొన్ని వారాల ముందు వచ్చిన రూల్ ప్రకారం లెక్కపెట్టిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక్క కాగితం తేడా వస్తుంది. ఆ తేడా మర్నాటికి ఫోన్లలో దొంగతనమై కూర్చుంటుంది.

అక్టోబర్ 31, గురువారం

దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వచ్చాయి. వాకిట్లో ఒక పక్క ప్రమిదలు, ఇంకో పక్క కళ్లు, నోరు చెక్కిన గుమ్మడికాయ. మనవరాలు పట్టు లంగా మీదే మంత్రగత్తె టోపీ పెట్టుకుంది. పిల్లలు తలుపు తడితే చాక్లెట్లతో పాటు నేను చేసిన సున్నుండలు కూడా పెట్టాను. పక్కింటావిడ రెండు తిని, ఇంకో రెండు రుమాల్లో చుట్టుకుని వెళ్లింది.

రాత్రి అన్నాలయ్యాక అల్లుడి ఫోన్లో ఒక వీడియో వచ్చింది, తెలుగువాళ్ల గ్రూపులో. ఇరవై సెకన్లుంటుందేమో. కార్లో కూర్చున్న ఒకతను, తాను హైతీ నుంచి వచ్చి ఆరు నెలలైందని, పౌరసత్వం వచ్చిందని, గ్వినెట్ కౌంటీలో ఓటేశానని, ఇప్పుడు ఫుల్టన్ కౌంటీలో కూడా వేస్తానని చెబుతూ జార్జియా లైసెన్సులు కొన్ని చూపిస్తాడు. కింద అప్పుడే కామెంట్లు. 'చూశారా, ఇదీ సంగతి.'

నాకు ఒళ్లు మండిపోయింది. గ్రీన్‌కార్డు వచ్చాక మామూలుగా ఐదేళ్లుంటే గానీ పౌరసత్వానికి అర్హత రాదు. మా అల్లుడు ఎన్నేళ్లు ఎదురుచూశాడో ఆ గ్రూపులో ప్రతి ఒక్కరికీ తెలుసు. ప్రతి ఒక్కరూ ఆ లైన్లో నిలబడ్డవాళ్లే. ఆరు నెలల్లో పౌరసత్వమంటే నవ్వి పక్కన పెట్టాల్సింది పోయి వీళ్లే ముందుకు పంపుతున్నారు. అల్లుడు అదే మాట గ్రూపులో రాశాడు. ఆ పోస్టు పెట్టినాయన తీసెయ్యలేదు. 'ఏమో, నిజమైతేనో' అన్నాడు.

ఏమో అన్న ఆ ఒక్క మాట చాలు.

నవంబర్ 1, శుక్రవారం

ఆ వీడియో నకిలీదని జార్జియా ఎన్నికల వ్యవహారాలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్ నిన్న రాత్రే ప్రకటించారు. దాన్ని తీసెయ్యమని సోషల్ మీడియా వేదిక ఎక్స్ యజమాని ఇలాన్ మస్క్‌ను బాహాటంగా కోరారు. ఈరోజు కేంద్ర నేర పరిశోధన సంస్థ ఎఫ్‌బీఐ, జాతీయ నిఘా సంచాలకుల కార్యాలయం, సైబర్ భద్రత సంస్థ సీసా కలిసి, ఆ వీడియోను తయారుచేసింది రష్యా తరఫున పనిచేసే వాళ్లని చెప్పాయి.

"కోరడమేంటి? ఆర్డర్ వెయ్యొచ్చుగా?" అన్నాను.

అల్లుడిది నెట్‌వర్క్ భద్రత ఉద్యోగం. కాఫీ చల్లారిపోయేదాకా వివరించాడు. ఇక్కడ రాజ్యాంగం మొదటి సవరణ మాట్లాడే హక్కుకు గట్టి కంచె. అబద్ధమైనంత మాత్రాన ప్రభుత్వం నోరు మూయించలేదు. దానికి తోడు 1996 నాటి సెక్షన్ 230 ఉంది. ఒకరు పెట్టిన పోస్టుకు దాన్ని చూపించిన వెబ్‌సైటును ప్రచురణకర్తగా బాధ్యుణ్ని చెయ్యలేరని దాని సారం. ఇంగ్లీషులో ఆ ముఖ్యమైన వాక్యం 26 మాటలే. ఇవాళ్టి సోషల్ మీడియా అంతా దాని మీదే నిలబడి ఉంది. ఎన్నికల డీప్‌ఫేక్‌ల (ఏఐతో చేసిన నకిలీ వీడియోల) మీద కాలిఫోర్నియా సెప్టెంబర్‌లో చట్టం తెస్తే, రెండు వారాలకే ఫెడరల్ జడ్జి దానిలో చాలా భాగాన్ని నిలిపేశారు.

మన దగ్గర మే 13న పోలింగ్ అనగా, మే 6న ఎన్నికల సంఘం పార్టీలకు ఉత్తర్వు ఇచ్చింది: ఫేక్ వీడియో అని తెలిసిన మూడు గంటల్లో తీసెయ్యాలి. అది నాకు నచ్చింది. అయితే ఏది ఫేకో తేల్చే అధికారం ప్రభుత్వం చేతిలో పెడితే రేపు ఇష్టం లేని నిజాన్ని కూడా ఫేకంటారు కదా అత్తయ్యా, అన్నాడు అల్లుడు. ఆ మాటలో నిజముంది, కాదనలేను. కానీ ఇక్కడ అబద్ధానికి అన్ని రక్షణలున్నాయి, బూత్‌లో కూర్చునే మనిషికి ఏముందని నా ప్రశ్న.

చట్టం దొరికిన చోట మాత్రం గట్టిగానే పట్టుకుంది. జనవరిలో న్యూ హాంప్‌షైర్‌లో, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికకు రెండు రోజుల ముందు వేలమందికి ఫోన్లు వెళ్లాయి. గొంతు బైడెన్‌ది, మాటలు ఏఐ తయారు చేసినవి. 'ఓటు నవంబరుకు దాచుకోండి' అని. ఆ ఫోన్లు చేయించిన రాజకీయ సలహాదారుకు కేంద్ర కమ్యూనికేషన్ల కమిషన్ 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అప్పటికి సెప్టెంబర్ ఆఖరు. ఫోన్లు వెళ్లింది జనవరి 21న.

నవంబర్ 2, శనివారం

ఓకీఫనోకీ చిత్తడి అడవులు చూద్దామని దక్షిణానికి బయల్దేరాం. దారిలో డగ్లస్ అనే ఊరి మీదుగా పోదామని నేనే అడిగాను. కాఫీ కౌంటీకి అది ముఖ్యపట్టణం. తాగే కాఫీ కాదు, కాఫీ అనే ఇంటిపేరున్న ఒక నాయకుడి పేరు పెట్టారు.

మేకన్ దాటాక భూమి చదునైంది. పత్తి చేలు. యంత్రాలు తీసిన పత్తిని పెద్ద పెద్ద గుండ్రని కట్టలుగా పసుపు ప్లాస్టిక్ చుట్టి చేలో వదిలేశారు. గుంటూరు దారి గుర్తొచ్చింది. కానీ కిందికి పోయేకొద్దీ దృశ్యం మారింది. సెప్టెంబర్ 27 తెల్లవారుజామున హెలీన్ తుపాను ఈ దారినే పోయింది. పీకాన్ గింజల తోటల్లో చెట్లు వేళ్లతో సహా పడిపోయి ఉన్నాయి. ఇళ్ల కప్పుల మీద నీలం పట్టాలు. నెల దాటినా రోడ్డు పక్కన కొమ్మల గుట్టలు అలాగే ఉన్నాయి. దివిసీమ ఉప్పెన చిన్నప్పుడు చూసినదాన్ని, కడుపులో దేవినట్టయింది. ఇలాంటి చోట కూడా ముందస్తు ఓటింగ్ ఆగలేదు.

డగ్లస్‌లో ఎన్నికల ఆఫీసు ముందు ఐదు నిమిషాలు ఆగాం. చిన్న ఊరి చిన్న ఆఫీసు. 2021 జనవరి 7న, అంటే వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం క్యాపిటల్ మీద దాడి జరిగిన మర్నాడు, అట్లాంటా నుంచి వచ్చిన ఒక కంప్యూటర్ బృందాన్ని ఇక్కడివాళ్లే లోపలికి రానిచ్చారు. ఓటింగ్ యంత్రాల సాఫ్ట్‌వేర్, డేటా మొత్తం కాపీ చేసుకుని పోయారు. తర్వాత దాన్ని ఇంటర్నెట్‌లో ఒక చోట పెట్టి ఎక్కడెక్కడి వాళ్లో దించుకున్నారు. ఇదంతా నిఘా కెమెరాల్లో రికార్డయింది. 2020 ఫలితాన్ని తారుమారు చెయ్యబోయారంటూ ఫుల్టన్ కౌంటీలో ట్రంప్, మరో 18 మంది మీద 2023 ఆగస్టులో పెట్టిన కేసులో ఈ సంగతీ ఒక భాగం. వాళ్లలో లాయర్ సిడ్నీ పావెల్‌తో సహా నలుగురు నేరం ఒప్పుకున్నారు. మిగతా కేసు అప్పీళ్లలో ఆగి ఉంది.

ఈవీఎంల గది తాళం చెవి నా దగ్గర ఎప్పుడూ లేదు. కానీ ఓట్లన్నీ నమోదై ఉండే కంట్రోల్ యూనిట్‌ను, సీల్ చేశాక, ఒళ్లో పెట్టుకుని, రిసెప్షన్ సెంటర్ దాకా బస్సులో కునుకు తీయకుండా కూర్చున్న రాత్రులు మూడున్నాయి. ఆ పెట్టె మీద ఏజెంట్ల సంతకాలున్న కాగితం చిరిగిపోతుందేమోనని చెయ్యి కూడా గట్టిగా ఆనించేదాన్ని కాదు. లోపలున్న మనిషే తలుపు తీస్తే ఇంక తాళమెందుకు? అక్కడ నిలబడి ఆ మాటే అనుకున్నాను.

ఆ యంత్రాల్లో లోపాలు లేవని కాదు. ఈ జనవరిలో అట్లాంటా ఫెడరల్ కోర్టులో మిషిగన్ ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, ఒక పెన్నుతో టచ్ స్క్రీన్ లోపలి మీట నొక్కి దాన్ని తన అదుపులోకి ఎలా తెచ్చుకోవచ్చో జడ్జి ముందు చేసి చూపించారు. నిజమైన ఎన్నికలో ఎవరూ అలా చేసినట్టు ఆధారం లేదని, బూత్‌లో అందరి కళ్లముందూ అది కుదరదని రాష్ట్రం వాదన. తీర్పు ఇంకా రాలేదు. లోపం ఉందని చెప్పడం వేరు, ఓట్లు దొంగిలించారని చెప్పడం వేరు. ఆ ప్రొఫెసర్ కూడా రెండోది అనలేదు. ఈ రెండింటికీ మధ్య తేడాను ఫోన్లలో వచ్చే వీడియోలు చెరిపేస్తున్నాయి.

నవంబర్ 3, ఆదివారం

చిత్తడి అడవుల దగ్గరి ఊరు వేక్రాస్. గడియారం గంట వెనక్కి తిప్పారు. చిత్తడి నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి, పడవ పక్కనే మొసళ్లు. మనవరాలు నా చెయ్యి వదల్లేదు. రాత్రికి ఇంటికి చేరాం.

నవంబర్ 4, సోమవారం

అమ్మాయితో మార్టా అనే సిటీ రైల్లో అట్లాంటా నగరంలోకి వెళ్లాను. ముందు ఆబర్న్ అవెన్యూ. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు మరమ్మతుల కోసం మూసి ఉంది. ఎబెనీజర్ చర్చి, నీటి మధ్యలో ఉన్న ఆయన సమాధి చూశాం. నల్లవాళ్ల ఓటు కోసం ఇంతమంది దెబ్బలు తిన్న తర్వాత 1965లో వచ్చింది ఓటు హక్కుల చట్టం. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల రూల్స్ మార్చాలంటే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలనేది దాని వెన్నెముక. 2013లో సుప్రీంకోర్టు ఆ వెన్నెముక పనిచెయ్యకుండా చేసింది.

అక్కడి నుంచి స్టేట్ ఫార్మ్ అరీనాకు. బాస్కెట్‌బాల్ ఆడే పెద్ద స్టేడియం. ఏ యాత్రికుడూ ఓట్ల కోసం దాన్ని చూడ్డానికి రాడు. నేను వచ్చింది అందుకే.

2020 నవంబరులో ఫుల్టన్ కౌంటీ పోస్టల్ ఓట్లు ఇక్కడే లెక్కపెట్టారు. ఆ పనిలో ఉన్నవాళ్లలో రూబీ ఫ్రీమన్, ఆమె కూతురు షే మాస్ కూడా ఉన్నారు. టేబుల్ కింది నుంచి పెట్టె తీసిన ఒక వీడియో ముక్కను పట్టుకుని, వాళ్లు సూట్‌కేసుల్లో దొంగ ఓట్లు తెచ్చారని, తల్లి కూతురికి రహస్యంగా యూఎస్‌బీ అందించిందని ట్రంప్ లాయర్ రూడీ జూలియానీ ప్రచారం చేశారు. అది ఓట్ల పెట్టె, మామూలు పెట్టె. తల్లి అందించింది అల్లం బిళ్ల. అల్లం పిప్పరమెంటు. షే మాస్ 2022 జూన్‌లో కాంగ్రెస్ కమిటీ ముందు ఆ మాట చెప్పింది. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఎఫ్‌బీఐ సలహాతో తల్లి ఇల్లు వదిలి వెళ్లిపోవాల్సొచ్చింది. కూతురు ఆ ఉద్యోగం మానేసింది.

2019 ఏప్రిల్ 11న మా బూత్‌లో మెషిన్ మొరాయించి పోలింగ్ రాత్రి దాకా సాగింది. నీరసం రాకుండా రెండో పోలింగ్ ఆఫీసరు, పాతికేళ్ల పిల్ల, నా చేతిలో ఒక గ్లూకోజ్ బిళ్ల పెట్టింది. అరీనా మెట్ల మీద కూర్చున్నప్పుడు అదే కళ్లముందుకొచ్చింది. ఆ క్షణాన్ని ఎవరో ఫోన్లో తీసి, కింద నాలుగు మాటలు తగిలించి ఉంటే ఆ పిల్ల బతుకేమయ్యేది? నాకు ఏడుపాగలేదు. అమ్మాయి ఏమీ అనకుండా పక్కన కూర్చుంది.

2023 డిసెంబరులో వాషింగ్టన్ జ్యూరీ ఆ తల్లీకూతుళ్లకు జూలియానీ పరువునష్టం కింద 14.8 కోట్ల డాలర్లు ఇవ్వాలని తీర్పిచ్చింది. కిందటి నెల 22న, జూలియానీ తన న్యూయార్క్ ఫ్లాటు, పాత మెర్సిడెస్ కారు, గడియారాలు వాళ్లకు అప్పగించాలని జడ్జి ఉత్తర్వు వేశారు. ఓటింగ్ యంత్రాల కంపెనీ డొమినియన్ వేసిన పరువునష్టం కేసులో ఫాక్స్ ఛానల్ అంతకుముందే 78.75 కోట్ల డాలర్లకు రాజీపడింది. అబద్ధం తిరిగింది కొన్ని గంటల్లో, తీర్పు వచ్చింది మూడేళ్లకు. అయినా వచ్చింది. ఆ జ్యూరీలో కూర్చున్న ఎనిమిది మంది మామూలు మనుషులకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

నవంబర్ 5, మంగళవారం

తెల్లవారుజామున ఐదు కాకముందే పక్కింటి గ్యారేజీ తలుపు చప్పుడుకు లేచాను. కిటికీలోంచి చెయ్యి ఊపాను. చీకట్లో ఆవిడ చూసిందో లేదో.

పోలింగ్ ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు వరకు. పదింటికల్లా టీవీలో వార్త: ఫుల్టన్ కౌంటీలో బాంబు బెదిరింపులు. యూనియన్ సిటీలో రెండు బూత్‌లు ఖాళీ చేయించారు. అరగంట తర్వాత మళ్లీ తెరిచారు, అక్కడ పోలింగ్ సమయం పెంచారు. మధ్యాహ్నానికి ఇతర రాష్ట్రాల్లోనూ ఇవే ఈమెయిళ్లు. చాలావరకు రష్యా ఈమెయిల్ డొమైన్ల నుంచి వచ్చినట్టు కనిపిస్తోందని, ఏదీ నమ్మదగ్గ బెదిరింపు కాదని ఎఫ్‌బీఐ చెప్పింది. ఒక రూపాయి ఖర్చు లేని ఈమెయిల్. దాంతో ఎంతమంది పెద్దవాళ్లు చలిలో రోడ్డు మీద నిలబడాల్సొచ్చింది!

నాకు టెన్షన్ పట్టుకుంది. పక్కింటావిడ ఉన్న బూత్ మా కౌంటీలోనే, అక్కడ ఏమీ జరగలేదని అల్లుడు చెప్పినా మనసు కుదుటపడలేదు. పనుల మధ్య నాలుగుసార్లు కిటికీ దగ్గరికెళ్లాను. వంటింట్లో మినుములు వేయించి, విసిరి, మళ్లీ సున్నుండలు చుట్టాను. చేతులకు పని ఉంటే గానీ నేను నిలవలేను.

ఆవిడ కారు రాత్రి తొమ్మిదిన్నర దాటాక వచ్చింది. శాలువా కప్పుకుని వాకిట్లోకి వెళ్లాను. కాళ్లు వాచిపోయాయి, చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది. ఏం జరిగిందో నేనడగక ముందే చెప్పింది. పొద్దున్నే స్కానర్ నుంచి సున్నా చూపించే కాగితం తీసి సంతకాలు చేశారట. మన మాక్ పోల్ (నమూనా పోలింగ్) తర్వాత యంత్రాన్ని సున్నాకు తెచ్చినట్టే. సాయంత్రం పోలింగ్ ముగిశాక ఫలితాల టేపు మూడుసార్లు ప్రింట్ తీసి, ఒకటి బూత్ తలుపుకు అంటించారట. దారిన పోయే ఎవరైనా చదువుకోవచ్చు. మెమరీ కార్డు సీల్ వేసి, ఇంటర్నెట్ మీద కాకుండా కార్లో మనుషులే కౌంటీ ఆఫీసుకు తీసుకెళ్లారట.

"లెక్క?" అన్నాను. ఆ ప్రశ్న ఆవిడకు అర్థమైంది. ట్యాబ్లెట్లో నమోదైన ఓటర్లు, స్కానర్ చూపించిన కాగితాలు. మొదట ఒకటి తేడా వచ్చిందట. ఆరుగురూ మళ్లీ కూర్చుని మొదట్నుంచి చూశారట. ఒకాయన సంతకం చేసి, లైను చూసి, ఓటెయ్యకుండానే వెళ్లిపోయాడట. ఆ సంగతి పొద్దునే కాగితం మీద రాసిపెట్టి ఉంది.

"సరిపోయింది" అంది.

ఓటేసినవాళ్లను రాసుకునే 17ఏ రిజిస్టరు చివరి నంబరు, కంట్రోల్ యూనిట్ మొత్తం ఒకటైనప్పుడు ప్రాణం ఎలా లేచొస్తుందో ఈ భూమ్మీద ఆ రాత్రి ఆ వీధిలో మా ఇద్దరికే తెలుసు. ఆవిడ భుజం పట్టుకున్నాను.

నవంబర్ 6, బుధవారం

జార్జియా ట్రంప్‌దని అర్ధరాత్రి దాటి గంటవుతుండగా ప్రకటించారు. ఈసారి తేడా లక్షకు పైనే. తెల్లవారుజాము ఐదున్నరకు అధ్యక్ష ఫలితం కూడా ఖాయమైంది. అల్లుడి స్నేహితుల్లో ఒకరింట్లో స్వీట్లు, ఇంకొకరింట్లో నిశ్శబ్దం. తణుకు నుంచి వడ్లూరు గుడి ఫొటోలు వరసగా వస్తున్నాయి. మొన్న వీడియో పెట్టినాయన గ్రూపులో శుభాకాంక్షలు రాశాడు. ఓట్లు దొంగిలించారన్న మాట ఆ గ్రూపులో ఇంకెవరూ ఎత్తలేదు. ఆ వీడియో మాత్రం అక్కడే ఉంది.

పది దాటినా పక్కింటి కర్టెన్లు తియ్యలేదు. పడుకోనీ అనుకుని, సున్నుండల డబ్బా గుమ్మం ముందు పెట్టి చప్పుడు చెయ్యకుండా వచ్చేశాను.